మూడో శిఖరం మీద నా బదులు పలికినవాడు

మావయ్య పోయాడన్న కబురు అత్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఆమెతో వాదించాను.

మంగళవారం పొద్దున్న. సైబర్‌జయలో మా ఆఫీసు కింద కారు నిలబెట్టాను, ఇంకా తలుపు తియ్యలేదు.

"ఒరే, మీ మావ లెగనేదురా," అంది.

"లెగకపోవడమేటత్తా? నిన్న కూడా కొండెక్కినాడని నువ్వే కదా సెప్పినావు?"

"ఎక్కినాడు. దిగినాడు. తిన్నాడు. తొంగున్నాడు. లెగనేదు."

"డాక్టర్ని పిలిసినావా? సరిగ్గా సూసినావా?"

అవతల వినిపించింది ఏడుపు కాదు, విసుగు. "సచ్చిపోనాడని కట్టుకున్నదాన్ని నాను సెప్తంటే నీకు సాలదేటి? దీనిక్కూడా రుజువులు సూపించాలా?"

చాలలేదు. ఇప్పటికీ చాలడం లేదు. డెబ్బై మూడేళ్ల వయసులో నాకంటే వేగంగా మెట్లెక్కే మనిషి, నాతో ఒక మాట సగంలో ఆపేసిన మనిషి, అలా నిద్రలోనే వెళ్లిపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. కోపం లేకుండా రాయడం నాకు చేతకాదని ఈ పత్రిక చదివే మీకందరికీ తెలుసు. ఈసారీ కోపం ఉంది. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

నేను బంటింగ్‌లో మావయ్య ఇంటికి చేరేసరికి హాల్లో సామానంతా వీధిలోకి వచ్చేసింది. ఆయన్ని మధ్యలో పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేశారు. ఆ కాళ్లు అలా కట్టి ఉండడం చూడలేక గోడవైపు తిరిగాను. అంతలో వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన అత్త గాజుల సంగతి ఎత్తాడు: ఎవరు పగలగొట్టాలి, ఏ రోజు, ఎక్కడ అని. నేను లేచాను. ఈ దుర్మార్గపు ఆచారం మీద పాతికేళ్లుగా రాసినవన్నీ ఆయనకి వినిపించడం మొదలుపెట్టాను. అత్త నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూకోరా. ఇయ్యి నా గాజులు. ఆయన పగలగొట్టడానికీ కాదు, నువ్వు కాపాడ్డానికీ కాదు. నాకు బుద్ధి పుట్టినప్పుడు నానే తీసుకుంటాను."

ఆ పెద్దమనిషి నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. మావయ్య బతికుంటే ఈ ముక్కకి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను వాదనలో ఓడిపోవడం ఆయనకి మహా సరదా.

'శివైక్యం', 'స్వర్గస్థులు' లాంటి మాటలు నేను రాయను. ఆయన ఎక్కడికి వెళ్లాడో నాకు తెలియదు. నాకు తెలిసిన దాని గురించే రాస్తాను. అందులోనూ ఒక లోపం సరిదిద్దుకోవాలి. మీలో చాలామందికి మా మావయ్య ముందే తెలుసు, ఆయన ఎవరో తెలియకుండానే. మూడేళ్ల కిందట ఇదే పత్రికలో నేను రాసిన ఒక వ్యాసంలో ఒక ముసలి తోట కూలీ ఉన్నాడు. మంచు కురిసిన కొండ మీద హాజరు పిలిస్తే, వెనకబడిపోయిన మనిషి బదులు తాను "ఉన్నాడు" అని పలికి, ఆ మనిషిని చలిలో వదిలేసి ముందుకి పోయినవాడు. తోటల బానిసత్వం మన గొంతుల్లో ఎంత లోతుకి దిగిందో చెప్పడానికి ఆయన్ని ఉదాహరణగా వాడుకున్నాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆ కూలీ మా మావయ్య. ఆ వెనకబడిన మనిషిని నేను. ఆ వ్యాసంలో ఒక సంగతి కావాలనే రాయలేదు. అది రాయకుండా ఆయన్ని స్మరించుకునే అర్హత నాకు లేదు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఇద్దరూ ఇక్కడే మలయు నేల మీద బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టారు, అక్కడే రబ్బరు కారేలా చెట్ల బెరడు గీసే పని చేశారు. తెల్లవారకముందే తోట ఆఫీసు ముందు హాజరు తీసేవారు. దాన్ని 'పెరట్టు' అనేవారు. గుమస్తా పెట్రోమాక్స్ దీపం పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి నంబర్లు పిలుస్తాడు. నంబరు వినగానే పలకాలి. పలక్కపోతే ఆ రోజు పని లేదు, పొమ్మంటారు. నేను పుట్టిన కొత్తలో మా అమ్మ నాకు పాలిచ్చి, పిల్లల్ని చూసే ఆయమ్మకి అప్పగించి వచ్చేసరికి పెరట్టు అయిపోయేది. అందుకని నెలల తరబడి అమ్మ నంబరుకి మావయ్యే పలికాడు. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. గొంతు సన్నగా చేసి ఆడమనిషిలా "ఉన్నా" అనేవాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక దగ్గేవాళ్లట. గుమస్తా తలెత్తి దీపం వైపు చూసి, మళ్లీ తల దించుకుని గీత గీసేవాడట.

ఈ కథ అమ్మ నాకు నవ్వుతూ చెప్పేది. నేను దాన్ని వ్యాసం చేశాను. పాతికేళ్ల కిందటి నా మొదటి వ్యాసాల్లో అదొకటి: దొరల లెక్కని కూలీలు తమ గొంతులతో ఎలా ఓడించారో, ఒకరి కోసం ఒకరు పలకడంలో ఎంత ఐకమత్యం ఉందో. తర్వాత అదే అలవాటుని బానిసత్వం అని తిట్టాను. రెండూ నేనే రాశాను. రెండిట్లోనూ ఆయనే ఉన్నాడు. రెండుసార్లూ ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

తోటలో రబ్బరు పోయి పామాయిల్ చెట్లు వచ్చాయి, తర్వాత తోటే అమ్మేశారు. కొన్నవాళ్లు ఇప్పుడక్కడ పెద్ద గేటు కట్టి, దాని మీద రబ్బరు చెట్టు బొమ్మ చెక్కించి, లోపల బంగళాలు అమ్ముతున్నారు. (దీని మీద మొదలుపెడితే ఇది స్మృతి కాకుండా పోతుంది. వదిలేస్తున్నాను.) మావయ్య కుటుంబంతో బంటింగ్ వచ్చి చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీలో చేరి, రిటైరయ్యేదాకా ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. రబ్బరు ఆయన్ని అక్కడా వదల్లేదు. రిటైరయ్యాక షుగర్ వచ్చింది. డాక్టర్ నడవమన్నాడు. బంటింగ్ అంతా దోసెల పెనంలా చదును. ఉన్నది ఒక్క జుగ్రా కొండ. మావయ్య మోటారు సైకిల్ హ్యాండిల్‌కి ప్లాస్టిక్ సంచిలో నల్ల కాఫీ మూతి కట్టి వేలాడదీసుకుని, తోటలో వేసుకునే నల్ల రబ్బరు బూట్లతో రోజూ అక్కడికి పోయేవాడు. బూట్లు తొడుక్కునే ముందు రెండుసార్లు నేలకేసి కొట్టేవాడు, లోపల తేలో జెర్రో ఉంటే పడిపోతుందని. టౌన్లో పక్కా ఇంట్లో కాపురం పెట్టి ముప్పై ఏళ్లైనా ఆ కొట్టడం మానలేదు.

ఒకసారి ఇంటికి వెళ్తే, "ఇయ్యాల ఐదు కొండలెక్కినాను అల్లుడూ," అన్నాడు.

"బంటింగ్‌లో ఐదు కొండలెక్కడియి మావా?"

"జుగ్రానే. ఎక్కినాను, దిగినాను. మల్లీ ఎక్కినాను."

"ఒకే కొండ ఐదుసార్లు ఎక్కితే ఐదు కొండలెలా అవుతాయి?"

"కాళ్లకి మ్యాపు తెలీదురా," అన్నాడు. ఆయన మాటలు ఇలాగే ఉండేవి. శిఖరం మీద ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. అక్కడున్న గుర్తురాయిని అరచేతి వెనక భాగంతో ఒకసారి తాకి తిరిగేవాడు. కాసేపు ఆగుదాం మావా, గాలి బాగుంది అంటే, "కొండ మీద కుర్చీ నేదు, సూసినావా? మనల్ని కూకోమన్నట్టు నేదు," అనేవాడు. ఎక్కినవాడు గొప్పా, దిగినవాడు గొప్పా అని నేను ఏదో సిద్ధాంతం చెప్పబోతే, "దిగినోడే ఎక్కినోడు," అని తేల్చేశాడు.

జుగ్రా మీదే ఆయనకి ఆ గుంపు పరిచయమైంది. చీనావాళ్లు, మలయువాళ్లు, తమిళులు, అందరూ రిటైరైనవాళ్లే. వాళ్లకి నాయకురాలు ఒక చీనా పంతులమ్మ. అందరూ చేగు అని పిలుస్తారు, మలయులో పంతులు అని. ఒకసారి అడవిలో ఒకాయన తప్పిపోయాక చేగు అందరికీ నంబర్లు పెట్టింది. ప్రతి శిఖరం మీదా నంబర్లు పిలుస్తుంది, ఉన్నవాళ్లు "అడా" అనాలి. ఉన్నాను అని. అది మొదటిసారి విన్నప్పుడు మావయ్య నవ్వలేక నవ్వాడని అత్త చెప్పింది.

మూడేళ్ల కిందట మార్చి మొదట్లో ఈ గుంపు కొరియా బయల్దేరింది, ఒకే రోజులో ఒక గట్టు మీదున్న ఐదు శిఖరాలు ఎక్కడానికి. క్యాలెండర్ ప్రకారం అక్కడ వసంతం మొదలైంది. పువ్వులు చూడొచ్చని చేగు ఆశపెట్టింది. అత్త నాకు ఫోన్ చేసింది. "ఆయన ఒక్కడే ఎల్తే నాకు కంటి మీద కునుకుండదు. నువ్వు కూడా ఎల్లి కనిపెట్టుకుని ఉండు." అలా నేను కాపలాదారుగా వెళ్లాను. మావయ్యది పదమూడో నంబరు, నాది పద్నాలుగు.

మేము దిగడానికి ముందు రోజే అక్కడ మంచు పడింది. పువ్వులు లేవు. బస్సు దిగగానే మావయ్య వంగి గుప్పెడు మంచు తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "దీనికి వాసన నేదేటిరా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "గడ్డకట్టిన పాలు ఇలాగే ఉంటాయి, రేకులో. ఎంత కంపు! అన్నం తింటన్నప్పుడు కూడా సేతికి అదే కంపు. ఇది ఇంత తెల్లగుంది, ఏ కంపూ నేదు." చెట్ల నుంచి కారే రబ్బరుని తోటలో పాలనే అంటారు. ఆయన చేతిలో మంచు కరిగి నీళ్లై కారుతుంటే మోసపోయినవాడిలా చూస్తూ నిలబడ్డాడు. చేగు ఇచ్చిన బూట్లు ఆయనకి పెద్దవి. మూడు జతల మేజోళ్లు తొడుక్కుని, బూట్ల కింద ఇనుప పళ్ల గొలుసు కట్టుకుని, చీకటి విడిపోతుండగా అందరికంటే ముందు నడవడం మొదలుపెట్టాడు.

మొదటి శిఖరం హాయిగా ఎక్కాం. రెండో దాని మీద భోజనానికి ఆగాం. అక్కడ నాకు ఉపన్యాసం వచ్చింది. ఎవరో తోటల గురించి అడిగారు, నేను అందుకున్నాను. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో, మలయులో. చెప్పిచెప్పి మావయ్య వైపు చెయ్యి చూపించాను: "ఈయన్ని చూడండి. వయసంతా దోచుకున్నారు. దోచుకున్నారని కూడా ఈయనకి తెలియదు."

మావయ్య తీసిన ఫ్లాస్కు మూత మళ్లీ బిగించాడు. తెలుగులో, మెల్లగా, "నన్ను సూపించి సెప్పకురా," అన్నాడు.

"నీ గురించే కదా మావా, నీ మంచికే కదా?"

"నా మంచి సంగతి నాను సూసుకుంటాను లే. కొండెక్కినా పెరట్టేనా?"

"మీరంతా ఇలా నోరు మూసుకున్నారు కాబట్టే వాళ్లు తోటలు అమ్ముకుని పోయినారు," అన్నాను. గట్టిగానే అన్నాను. తెలుగు రానివాళ్లక్కూడా నా గొంతు అర్థమైంది. అందరూ బూట్ల తాళ్లు సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

మూడో శిఖరానికి సగం దూరంలో నా బూటు కింది గొలుసు వదులైంది. వెనక వస్తున్న మావయ్య ఏమీ అనకుండా మోకాళ్ల మీద కూర్చుని నా కాలు పట్టుకున్నాడు, కట్టడానికి. నేను కాలు లాక్కున్నాను.

"ఎల్లు మావా. నా సంగతి నీకెందుకు? నానొస్తాను."

ఆయన లేచాడు. మోకాళ్లకి అంటిన మంచు దులుపుకోలేదు. నన్నొకసారి చూసి వెళ్లిపోయాడు. నేను గొలుసు కట్టుకున్నాను, నిమిషంలో అయిపోయింది. అయినా లేవలేదు. ఒక బండ మీద కూర్చున్నాను. చాలాసేపు. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఆయన వెనక్కి రావాలని. వచ్చి బతిమాలాలని. యాభై దాటిన మనిషిని, నలుగురికి నీతులు రాసే మనిషిని, అలిగి కూర్చున్నాను.

నేను మీకు రాయకుండా దాచింది ఇదే. నా వ్యాసంలో ఆ మనిషి గొలుసు తెగి వెనకబడ్డాడు. గొలుసు తెగలేదు.

కూర్చున్నంతలోనే మబ్బు దిగింది, మళ్లీ మంచు మొదలైంది. లేచి మూడో శిఖరం చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. పైన ఏం జరిగిందో సాయంత్రం చేగు చెప్పింది. అందరూ కళ్లద్దాలు, ముసుగులు, టోపీలు. మబ్బులో మనిషికి మనిషి కనపడడం లేదు. ఆమె నంబర్లు పిలిచింది. "తిగా బెలాస్" అంది, పదమూడు. మావయ్య పలికాడు. "ఎంపట్ బెలాస్" అంది, పద్నాలుగు. "అడా" అని వినపడింది. ఆమె టిక్కు పెట్టుకుంది. అందరూ నాలుగో శిఖరం వైపు దిగిపోయారు. ఆ రెండో "అడా" కూడా మావయ్యదే.

నేను ఆ గుర్తురాయి చుట్టూ తిరిగాను. దిగే దారులు రెండున్నట్టు కనిపించాయి. రెండింటిలోనూ అడుగుల గుంటలు పూడిపోతున్నాయి. ఒకదాంట్లో దిగాను, అది ఒక లోయ అంచు దగ్గర ఆగిపోయింది. మళ్లీ పైకి వచ్చి ఒక దేవదారు చెట్టు మొదట్లో కూలబడ్డాను. అరిచాను. మంచులో అరుపు ఎక్కడికీ పోదు, దూది నోట్లో కుక్కుకున్నట్టుంటుంది. వేళ్లు తెలియడం మానేశాయి. గంటో, గంటన్నరో. చచ్చిపోతానని భయపడ్డాను, మాటల అలంకారం లేకుండా చెబుతున్నాను. అంతకంటే ఎక్కువగా, వాళ్లు నన్ను లెక్కపెట్టలేదేమిటి అని కోపం.

నాలుగో శిఖరం మీద చేగు పుస్తకం తీస్తుండగా మావయ్య ఆమె ముందుకి వెళ్లి, "పద్నాలుగు లేడు. అక్కడా లేడు. పలికింది నేను," అని మలయులో చెప్పాడట. ఆమె అరవబోయేలోపే వెనక్కి తిరిగి మూడో శిఖరం వైపు నడవడం మొదలుపెట్టాడట. మాతో వచ్చిన గైడు ఆయన్ని అందుకోలేకపోయాడు.

నన్ను కనిపెట్టింది ఆయనే. కిందికి దింపింది ఆయనే. ఐదు శిఖరాల్లో ఆయనకి నాలుగే దక్కాయి. ఆ సాయంత్రం హోటల్లో అందరి ముందూ చేగు ఆయన్ని కడిగేసింది. "చిన్నపిల్లాడు కూడా చేయడు ఈ పని! మనిషి చచ్చిపోతే?" ఆయన తలొంచుకుని సూపు తాగాడు. నేను నోరు విప్పలేదు. నేనే కావాలని కూర్చున్నానని ఒక్క మాటంటే సగం తిట్లు నా మీదికి వచ్చేవి. అనలేదు. ఇంటికొచ్చి వ్యాసం రాశాను.

మావయ్యకి తమిళం చదవడం వచ్చు, తెలుగు రాదు. అత్త చదివి వినిపించింది, రెండుసార్లు చదివించుకున్నాడట. తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"బాగా రాసినావు అల్లుడూ. కోపం బాగుంది."

సంతోషం మావా అనబోయాను.

"ఒకటి వదిలీసినావు."

"ఏటి మావా?"

"నీకు తెలవాల," అని పెట్టేశాడు.

నాకు తెలుసనుకున్నాను. కాలు లాక్కోవడం, బండ మీద కూర్చోవడం, అదే అనుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లు పెళ్లిళ్లలో కలిశాం, ఆస్పత్రిలో కలిశాం. వాళ్లింట్లో ఆయన వడ్డిస్తే తిన్నాను కూడా. ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. నువ్వు అసలెందుకు పలికావు అని నేను అడగలేదు. నా పరువు దక్కించడానికా? నేను కసిరినందుకా? నానొస్తాను అన్న నా మాట నమ్మినందుకా? అడిగితే నా అలక సంగతి కూడా బయటికి వస్తుంది. అందుకని వాదించే విషయాలు వేరేవి వెతుక్కున్నాను. ఆయనతో వాదనకి నాకెప్పుడూ కొరత లేదు.

పదహారో రోజు కార్యం అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం అత్త వంటింటి వెనక అరుగు మీద ఇత్తడి గిన్నెలు తోముతోంది. నేను కడుగుతున్నాను. ఇది మగవాడి పనా కాదా అన్న చర్చ మా ఇద్దరి మధ్యా ఎప్పుడో తీరిపోయింది. ఆమె చేతులకి గాజులు ఉన్నాయి.

"ఆయన గురించి రాస్తావంట కదా. ఏటి రాస్తావు?" అంది.

"ఏటి రాయాలో తెలీడం నేదత్తా. ఆ రోజు నా బదులు ఎందుకు పలికినాడో తెలీకుండా ఏటి రాయను?"

ఆమె చేతిలో పీచు ఆగింది. "పలికినాక ఏటి సెయ్యాలో తెలుసా నీకు?"

"పలికినాక ఏటుంది? దొర పుస్తకంలో గీత పడతాది. అంతే కదా."

"ఓలమ్మో!" అంది అత్త. నిజంగానే ఆశ్చర్యపోయింది. "అంత పెద్ద పెద్దయి రాసినావు, ఇది తెలీదేటి నీకు? మీ అమ్మ సెప్పనేదా? ఊరికే పలికీసి ఊరుకుంటారేటి ఎవులైనా? ఎవులి నంబరుకి పలికితే ఆల్ల వరస నువ్వు మొదలెట్టాల. ముందు ఆల్ల సెట్లు గీసి, ఆల్లొచ్చినాక కత్తి ఇచ్చి, అప్పుడు నీ వరసకి పరిగెత్తాల. లేకపోతే మజ్జానానికి గిన్నెలో పాలుండవు, దొంగతనం తెలిసిపోతాది, ఇద్దరికీ పని పోతాది. పలికినోడు పని సెయ్యాల. మీ అమ్మ సెట్లు ఎన్ని నెలలు గీసినాడో తెలుసా మీ మావ? నడుము పడిపోయి నాసేత నూనె రాయించుకునీవోడు."

అమ్మ ఆ సన్న గొంతు కథే చెప్పింది, నవ్వే భాగమే చెప్పింది. దొరల లెక్కల మీద, ఐకమత్యం మీద, బానిసత్వం మీద ఇన్నేసి పేజీలు రాసినవాణ్ణి, ఆ పద్ధతిలో సగమే తెలిసి రాశాను.

"మరి ఆ రోజు?" అన్నాను.

"ఆ రోజు నీ నంబరు పిలిస్తే నోరు పలికీసిందంట. ఎందుకు పలికినావయ్యా అని నానూ అడిగినాను. తెలీదే అన్నాడు. పలికీసినాక, మరి ఈడి వరసేది అని సూసినాడంట. సెట్లు నేవు, కత్తి నేదు, అంతా తెల్లగుంది. ఈడి బదులు ఇప్పుడు నానేటి సెయ్యాల, ఈడి పనేటి ఇక్కడ, అనుకుంటా అనుకుంటా నాలుగో కొండ దాకా నడిసీసినాడంట. అక్కడికెల్లినాక గానీ తోచనేదంట, ఎనక్కెల్లాలని." గిన్నె బోర్లించింది. "మూడేళ్లూ ఇదే గోల. ఏ ఇడ్లీయో తింటా తింటా ఆగిపోయి, నానెందుకు పలికినానే అనీవోడు. నన్నడిగితే నాకేటి తెలుసు? ఆడికి ఫోను సెయ్యి, ఆడు సదువుకున్నోడు, సెప్తాడు అన్నాను. ఆడికి కోపమొస్తాది అన్నాడు."

బంటింగ్‌లో ఆయన, సైబర్‌జయలో నేను, ఒకే ప్రశ్నని మూడేళ్లు చెరొకచోట మోశాం. జవాబు ఆయన దగ్గర ఉందని నేను, నా దగ్గర ఉందని అత్త. ఎవరి దగ్గరా లేదు. "ఒకటి వదిలీసినావు" అని ఆయన అన్నది నా అలక గురించేనా? లేక పలికినవాడు పని చెయ్యాలన్న రెండో సగం గురించా? అది నాకు తెలిసే ఉంటుందనీ, తెలిసీ రాయలేదనీ అనుకున్నాడా? అలా అనుకుని ఉంటే, నా అలకని ఆయన ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు, నేనే దాన్ని పట్టుకుని కూర్చున్నాను. లేదా అదే అయి ఉంటుంది. తెలియదు. తెలియదు అని రాయడం నాకు అలవాటు లేదు, చెయ్యి కూడా సరిగా తిరగడం లేదు.

నా వ్యాసంలో రెండు వదిలేశాను. ఒకటి తెలిసి, ఒకటి తెలియక. తెలిసి వదిలినదానికి మావయ్యకి క్షమాపణ చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక మీకు చెబుతున్నాను. ఆయన బానిస కాదు. ఐకమత్యానికి బొమ్మా కాదు. నోటి వెంట ఒక మాట వచ్చేస్తే, దానికి తగ్గ పని ఏమిటా అని మంచులో వెతుక్కుంటూ తిరిగిన మనిషి.

ఆ రోజు చెట్టు కింద నన్ను చూసినప్పుడు ఆయన తిట్టలేదు, ఏమైంది అని అడగలేదు. నా చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టాడు. వాలు నిటారుగా ఉంది. ఆయన ముందు దిగాడు. లోయకి వీపు పెట్టి, నా వైపు తిరిగి, వెనక్కి వెనక్కి. బూటు కొనతో మంచుని రెండుసార్లు తన్ని గుంట చేసి, అందులో నిలబడి, దాన్ని నాకు వదిలి, ఇంకొకటి కిందికి. మీసాల మీద మంచు పేరుకుని ఉంది. ఆయన వెనక ఏముందో ఆయన చూడలేదు. నేను చూశాను, అక్కడ కొండ లేదు, చెట్టు లేదు, ఒట్టి తెలుపు. అందులోకి ఆయన వీపు ముందుగా, మెల్లగా దిగిపోతున్నాడు, కళ్లు నా కాళ్ల మీద నుంచి ఒక్కసారి కూడా తియ్యకుండా.